ఎండ తీవ్రత కొలవడానికి ఏ సెన్సర్ తీసుకోవాలి? నాది 54612 దగ్గరే ఆగిపోతోంది

ఎండపొడ
ఇంటిపైన సోలార్ ప్యానెళ్ల పక్కన బీహెచ్1750 లైట్ సెన్సర్ పెట్టి రోజంతా ఎండ తీవ్రత నమోదు చేద్దామని మొదలుపెట్టాను. ఉదయం ఏడున్నరకు 18,000 లక్స్ దాకా వచ్చింది, ఎనిమిదిన్నరకు 41,000. తొమ్మిది దాటగానే 54612. అక్కడి నుంచి మధ్యాహ్నం మూడు గంటల దాకా 54612, 54612, 54612. ఒక్క అంకె కదలదు. మబ్బు కమ్మితే దిగుతుంది, మబ్బు తొలగగానే మళ్లీ అదే అంకె. అదే రకం చిప్ ఇంకొకటి కొని మార్చి చూశాను, అదీ అంతే. సెన్సర్ చెడిపోయిందా, నా కోడ్‌లో తప్పుందా? అసలు ఎండను కొలవడానికి ఏది తీసుకోవాలి? రెండు వారాలుగా చదువుతున్నాను. ఒకరు ఎల్‌డీఆర్ (వెలుతురుకు నిరోధం మారే ముక్క) చాలంటారు, ఒకరు ఫొటోడయోడ్ (వెలుతురు పడితే కరెంటు ఇచ్చే ముక్క) అంటారు, ఇంకొకరు ఎండ శక్తిని కొలిచే పైరనోమీటర్ లేకపోతే దండగ అంటారు.

టంకంచెయ్యి
చెడిపోలేదు. 65535ను 1.2తో భాగించి చూడండి, 54612 వస్తుంది. ఆ చిప్‌లో లెక్క పదహారు బిట్లలో ఉంటుంది. 65535 దాటి చెప్పడానికి దానికి అంకె లేదు. నిండు ఎండ లక్ష లక్స్ పైనే ఉంటుంది. తొమ్మిదింటికే దాని గిన్నె నిండిపోయింది, ఆ తర్వాత పోసినదంతా పొర్లిపోతోంది.

వోల్టుమీటరు77
కొత్తది కొనే ముందు ఒక పని చేయండి. ఆ చిప్‌లో కొలిచే సమయాన్ని మార్చే రిజిస్టర్, అంటే కోడ్ నుంచి అంకె రాసి మార్చగల చోటు, ఒకటి ఉంటుంది. మామూలుగా దాని విలువ 69. దాన్ని 31కి తగ్గిస్తే వెలుతురు పోగుచేసే సమయం తగ్గి, పరిధి సుమారు 1,21,000 లక్స్ దాకా పెరుగుతుంది. వచ్చిన అంకెను 69/31తో గుణించడం మరచిపోవద్దు.

తూనికరాళ్లు
వోల్టుమీటరు గారు చెప్పింది నిజమే, దానితో గీత కదులుతుంది. కానీ కదిలిన గీత దేన్ని కొలుస్తోందో ముందు తేల్చుకోవాలి. ఎండపొడ గారూ, మీకు కావలసింది వెలుతురా, శక్తా?

లక్స్ అనేది మనిషి కంటి కొలత. మన కన్ను 555 నానోమీటర్ల దగ్గర, అంటే పసుపు కలిసిన ఆకుపచ్చ దగ్గర, బాగా చూస్తుంది. ఎరుపు, నీలం వైపు వెళ్లేకొద్దీ చూపు తగ్గిపోతుంది. లక్స్ సెన్సర్లన్నీ ఆ కంటిని అనుకరించేలా చేసినవే. ఎండలోని శక్తిలో దాదాపు సగం పరారుణంలో ఉంటుంది. లక్స్ సెన్సర్ దాన్ని కావాలనే వదిలేస్తుంది. మీ సోలార్ ప్యానెల్ మాత్రం వదలదు. సిలికాన్ సుమారు 1100 నానోమీటర్ల దాకా తింటుంది.

శక్తిని చదరపు మీటరుకు వాట్లలో కొలుస్తారు. వాతావరణం పైన ఆ విలువ సుమారు 1361. నిర్మలమైన ఆకాశంలో నడినెత్తి సూర్యుడు ఉన్నప్పుడు నేల మీదికి సుమారు 1000 చేరుతుంది. ప్యానెల్ వెనుక అతికించిన కాగితం మీద రాసే వాట్లు కూడా ఆ 1000 దగ్గర, సెల్ 25 డిగ్రీలు ఉన్నప్పుడు కొలిచినవే.

ఇక మొక్కలకైతే లెక్క మూడోది. వాటికి కావలసింది 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఎన్ని కాంతి కణాలు పడుతున్నాయన్నది. సూర్యుడు ఒకడే అయినా కొలతలు మూడు. ఏది కావాలో చెప్పకుండా సెన్సర్ పేరు అడిగితే ఇక్కడ పది పేర్లు వస్తాయి, పదీ ఎవరో ఒకరికి సరైనవే అవుతాయి.

ఎండపొడ
నాకు కావలసింది శక్తే. పైన 3 కిలోవాట్ల ప్యానెళ్లున్నాయి. కిందటేడు ఇదే రోజుల్లో వచ్చిన కరెంటు ఇప్పుడు రావడం లేదు. ఇన్వర్టర్ లెక్కలు చూస్తే తగ్గిందని తెలుస్తోంది, ఎందుకు తగ్గిందో తెలియడం లేదు. ఆకాశం మసకగా ఉండి ఎండే తగ్గిందా, అద్దం మీద దుమ్ము పేరుకుందా, ప్యానెల్‌కే ఏమైనా అయిందా? అమర్చినవాళ్లను అడిగితే ఈ ఏడాది ఎండలు తక్కువ అన్నారు. కాదనడానికి నా దగ్గర కొలత లేదు. అందుకే ఇదంతా.

చివరిబెంచీ
ఎల్‌డీఆర్ ఎందుకు పనికిరాదు? మా కళాశాల ప్రాజెక్టులో దాన్నే పెడుతున్నాం. వెలుతురు పెరిగితే రీడింగ్ పెరుగుతోంది కదా.

పాతపెట్టె
ఎల్‌డీఆర్‌ను మరీ తీసిపారేయకండి. చీకటి పడగానే దీపం వెలిగించడానికి అది బంగారం. నేను చేసిన సూర్యుణ్ని అనుసరించే యంత్రంలో రెండు ఎల్‌డీఆర్‌ల మధ్య ఒక రేకు నిలబెట్టాను. ఏది నీడలో ఉంటే అటునుంచి మోటారు జరుగుతుంది. ఆరేళ్లుగా తిరుగుతోంది. అక్కడ ఎంత ఎండ అన్నది అక్కర్లేదు, ఏ వైపు ఎక్కువ అన్నదే కావాలి. ఆ పనికి దాన్ని మించినది లేదు.

వోల్టుమీటరు77
చివరిబెంచీ, పెరగడం వేరు, కొలవడం వేరు. నీ సర్క్యూట్‌లో 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది, అవునా? నిండు ఎండలో ఎల్‌డీఆర్ 100 ఓమ్‌లకు పడిపోయిందనుకో, 5 వోల్టుల్లో 4.95 చూపిస్తుంది. మబ్బు పట్టి అది 400 ఓమ్‌లైతే 4.81. ఎండ ఎన్నో రెట్లు మారితే నీ అంకె మూడు శాతం కూడా మారలేదు. పైగా దాని నిరోధం వెలుతురుకు తగ్గట్టు సూటిగా మారదు, వేడికి మారుతుంది, ఒకే పేరున్న రెండు ముక్కలు ఒకేలా ఉండవు. మీ నివేదికలో 'వెలుతురు ఉంది, లేదు' అని రాస్తే సరే. ఎంత ఉందో రాయాలంటే ఫొటోడయోడ్‌కు మారండి.

చివరిబెంచీ
10 కిలో ఓమ్‌లే. రేపే మారుస్తాను.

తూనికరాళ్లు
ఎండపొడ గారికి నా సలహా ఒక్కటే: పైరనోమీటర్. అందులో నల్లటి పూత పూసిన పలక ఉంటుంది. దాని కింద థర్మోపైల్, పైన అద్దపు గుమ్మటం. ఎండకు ఆ పలక ఎంత వేడెక్కితే అంత చిన్న వోల్టేజి పుడుతుంది. సుమారు 300 నుంచి 2800 నానోమీటర్ల దాకా ఏ రంగునూ విడిచిపెట్టకుండా లెక్కేస్తుంది. మబ్బు పట్టినా, సాయంత్రం ఎర్రబడినా మాట మార్చదు. ఐఎస్ఓ 9060 ప్రమాణంలో ఏ, బీ, సీ అని మూడు తరగతులున్నాయి. మీకు సీ తరగతి చాలు. దాన్నుంచి వచ్చేది ఒక వాట్‌కు సుమారు పది మైక్రోవోల్టులే కాబట్టి మామూలు బోర్డుకు నేరుగా కలిపితే ఏమీ కనబడదు. చిన్న వోల్టేజిని అంకెగా మార్చే ఏడీఎస్1115 లాంటి చిప్ మధ్యలో ఉండాలి. రాత్రిపూట సున్నాకు మూడు నాలుగు వాట్లు కింద చూపితే కంగారుపడకండి. చల్లని ఆకాశం వైపు గుమ్మటం తన వేడిని వదులుకోవడం వల్ల అలా వస్తుంది.

గాలిమర
తూనికరాళ్లు గారి మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. ఇది పిచ్చుకపై బ్రహ్మాస్త్రం. ఎండపొడ గారి ప్రశ్న 'ఆకాశం నుంచి ఎంత శక్తి వస్తోంది' అన్నది కాదు. 'నా ప్యానెల్‌కు అందిన ఎండకు తగ్గ కరెంటు వస్తోందా' అన్నది. ఆ ప్రశ్నకు సరైన సాక్షి ఇంకో సిలికాన్ సెల్లే. ప్యానెల్ చూసే రంగులనే అదీ చూస్తుంది, ప్యానెల్ వదిలేసేవాటిని అదీ వదిలేస్తుంది. పైరనోమీటర్ 2000 నానోమీటర్ల దగ్గరి వేడిని కూడా లెక్కలో వేసి చూపిస్తే ఆ శక్తితో ప్యానెల్ చేసేదేమీ లేదు. పెద్ద సోలార్ క్షేత్రాల్లో పైరనోమీటర్ల పక్కనే రిఫరెన్స్ సెల్ అని పెట్టేది అందుకే.

ఇంకో తేడా వేగం. థర్మోపైల్ వేడెక్కి చల్లబడడానికి కొన్ని సెకన్లు పడుతుంది. సెల్‌కు ఆ జాప్యం లేదు. మబ్బు తునకలు పరుగెత్తే రోజున ఇన్వర్టర్ అంకెతో పోల్చాలంటే సెల్ పక్కనుంటేనే గీతలు కలుస్తాయి.

చిన్న సోలార్ సెల్ ఒకటి, తక్కువ విలువ రెసిస్టర్ ఒకటి, ఏడీఎస్1115 ఒకటి. ఇంతే కావాలి. సెల్‌ను ప్యానెల్ చట్రానికే, అదే వాలులో బిగించాలి.

ఎండపొడ
గాలిమర గారూ, చిన్న సోలార్ సెల్ ప్రయత్నం నేను ముందే చేసి వదిలేశాను. బొమ్మలో వాడే 6 వోల్టుల ప్యానెల్ ఒకటి ఉంటే మల్టీమీటర్ పెట్టి చూశాను. ఉదయం ఎనిమిదింటికి 6.9 వోల్టులు, మధ్యాహ్నం పన్నెండింటికి 6.7. ఎండ మండిపోతుంటే వోల్టులు తగ్గాయి. అందుకే సెల్ నమ్మదగినది కాదనుకున్నాను.

టంకంచెయ్యి
ఇక్కడే చాలామంది జారిపడతారు. మీరు కొలిచింది ఖాళీగా ఉన్న ప్యానెల్ వోల్టేజి. అది ఎండతో సూటిగా పెరగదు. ఎండ సగానికి తగ్గినా ఒక్కో సెల్‌కు 20 మిల్లీవోల్టుల చుట్టుపక్కలే తగ్గుతుంది. అదే సమయంలో సెల్ వేడెక్కితే డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు పడిపోతుంది. మీ ప్యానెల్‌లో పన్నెండు సెల్‌లు ఉంటాయి. ఉదయానికీ మధ్యాహ్నానికీ ఇరవై డిగ్రీలు పెరిగితే అర వోల్టు దాకా పోయినట్టే. మీరు కొలిచింది ఎండను కాదు, ప్యానెల్ వేడిని.

కొలవాల్సింది కరెంటు. రెండు తీగలూ కలిపేసినప్పుడు పారే కరెంటు ఎండకు దాదాపు సూటిగా, నిష్పత్తిలో మారుతుంది. వేడికి మారేది డిగ్రీకి 0.05 శాతం దగ్గర్లోనే. తీగలను నేరుగా కలపకుండా చిన్న రెసిస్టర్ ద్వారా కలిపి, దాని రెండు చివరల మధ్య వోల్టేజి చదవాలి. మీ ప్యానెల్ నిండు ఎండలో 160 మిల్లీ ఆంపియర్లు ఇస్తుందనుకుందాం. అర ఓమ్ రెసిస్టర్ పెడితే 80 మిల్లీవోల్టులు. ఏడీఎస్1115ను 0.256 వోల్టుల పరిధిలో పెడితే ఒక్కో మెట్టు 0.0078125 మిల్లీవోల్టులు. అంటే నిండు ఎండకు 10,240 మెట్లు, ఒక వాట్‌కు పది మెట్లు. ఇంతకన్నా సన్నని కొలత మీకు అక్కర్లేదు.

రెసిస్టర్ విలువ పెంచి ఎక్కువ వోల్టులు రాబట్టాలని ఆశపడకండి. 100 ఓమ్‌లు పెడితే మళ్లీ ఖాళీ ప్యానెల్ వోల్టేజి కొలిచిన కథే.

గాలిమర
దానికి ఒక్కటి కలుపుతాను. పన్నెండు సెల్‌లు వరుసగా ఉన్న బొమ్మ ప్యానెల్ కన్నా ఒకే సెల్ ఉన్నది మేలు. వరుసలో ఒక్క సెల్ మీద పిట్ట రెట్ట పడినా, ఎండుటాకు వాలినా మొత్తం కరెంటు పడిపోతుంది. ఒకే సెల్ అయితే దాని నిండు వోల్టేజే అర వోల్టు పైచిలుకు కాబట్టి రెసిస్టర్ మీద 0.1 వోల్టు దాటనివ్వకూడదు.

మిద్దెతోట
మధ్యలో నా ప్రశ్న. మేడ మీద షేడ్ నెట్ కింద కూరగాయల మొక్కలు పెంచుతున్నాను. పోయినసారి వంగ మొక్కలు ఏపుగా పెరిగాయి, పూత రాలేదు. ఎండ చాలలేదని అనుమానం. తూనికరాళ్లు గారు మొక్కల లెక్క వేరు అన్నారు. నేనేం కొనాలి?

నీలినింగి
మిద్దెతోట గారూ, మీకు కావలసిన కొలత పార్ అంటారు. చదరపు మీటరు మీద సెకనుకు ఎన్ని మైక్రోమోల్‌ల కాంతి కణాలు పడుతున్నాయన్నది. నిండు ఎండలో అది సుమారు 2000. దాన్ని సరిగ్గా కొలిచే క్వాంటం సెన్సర్లు ఖరీదైనవి. మీది ఎండే కాబట్టి దగ్గరి దారి ఉంది: లక్స్ విలువను 54తో భాగించండి. లక్ష లక్స్ అయితే 1850 దాకా వస్తుంది. తోటకు ఆ ఖచ్చితత్వం చాలు. కానీ ఈ 54 అనే అంకె ఎండకు మాత్రమే. ఇంట్లో ఊదా రంగు ఎల్‌ఈడీ దీపాల కింద పెంచేవాళ్లు దీన్ని వాడితే లెక్క ఘోరంగా తప్పుతుంది. లక్స్ సెన్సర్‌కు ఎరుపూ నీలమూ సరిగ్గా కనబడవు, మొక్క తినేది ముఖ్యంగా వాటినే. ఆకుపచ్చ వల కింద కూడా కొంత తేడా వస్తుంది. నలుపు వలకైతే ఇబ్బంది లేదు.

ఒక్క క్షణం రీడింగ్ చూసి నిర్ణయించకండి. కూరగాయలకు రోజు మొత్తం అందినది ముఖ్యం. నిమిషానికోసారి నమోదు చేసి సాయంత్రానికి కూడండి.

మిద్దెతోట
వల నలుపే. మధ్యాహ్నం ఫోనులో చూస్తే బయట 90 వేలు, వల కింద 24 వేలు వచ్చింది. అంటే 440 మాత్రమేనా!

నీలినింగి
ఫోను అంకెను పూర్తిగా నమ్మవద్దు, ఒక్కో ఫోను ఒక్కో మాట చెబుతుంది. కానీ బయటికీ లోపలికీ ఉన్న నిష్పత్తి మాత్రం చాలావరకు నిజమే. మీ వల మూడొంతుల ఎండను ఆపేస్తోంది. వంగకు అది చాలా ఎక్కువ నీడ. సెన్సర్ కొనే ముందు వల మార్చండి.

వోల్టుమీటరు77
లక్స్ సెన్సర్లను అందరూ కలిసి పక్కకు నెట్టేస్తున్నారు. రోజుల్ని ఒకదానితో ఒకటి పోల్చుకోవడానికి, తోటకు, వాతావరణం గమనించడానికి అవి చక్కగా సరిపోతాయి. తంటా అంతా పరిధి చూసుకోకుండా కొనడంలోనే ఉంది. టీఎస్ఎల్2561 పరిధి 40,000 దగ్గరే ఆగుతుంది, ఎండకు పనికిరాదు. టీఎస్ఎల్2591 వెళ్లేది 88,000 దాకా. ఓపీటీ3001 సుమారు 83,000. ఈ రెండూ నడిమధ్యాహ్నం చేతులెత్తేస్తాయి. మాక్స్44009 1,88,000 దాకా వెళ్తుంది. వీఈఎంఎల్7700 సుమారు 1,20,000 దాకా వెళ్తుంది కానీ పై అంచుల్లో సూటిగా ఉండదు, తయారీదారు ఇచ్చిన సవరణ సూత్రం కోడ్‌లో రాయాలి. డేటాషీట్‌లో పరిధి చూశాక 1,20,000 కన్నా తక్కువైతే పేజీ తిప్పేయండి. నేను రెండేళ్లుగా లక్స్‌ను 120తో భాగించి వాట్లు రాసుకుంటున్నాను.

తూనికరాళ్లు
ఆ 120 అనే భాగహారమే నాకు నచ్చనిది. నేల మీద ఒక వాట్‌కు ఎన్ని లక్స్ అన్నది ఆకాశాన్ని బట్టి మారుతుంది. సూర్యుడు దిగువన ఎర్రగా ఉన్నప్పుడు తగ్గుతుంది. మబ్బు పట్టినప్పుడు నీటి ఆవిరి పరారుణాన్ని మింగేస్తుంది కాబట్టి పెరుగుతుంది. రోజులో రెండు చివరలా మీ అంకె నిజానికి దూరంగా ఉంటుంది. తోటకు పరవాలేదు. 'ఈ ఏడాది ఎండలు తక్కువ' అన్నవాళ్లతో వాదించడానికి వెళ్లేవారికి అది చాలదు.

వోల్టుమీటరు77
ఒప్పుకుంటాను. పోల్చుకోవడానికి సరే, లెక్క తేల్చడానికి కాదు.

పాతపెట్టె
సెన్సర్ గురించే అందరూ రాస్తున్నారు, మూత గురించి ఎవరూ రాయడం లేదు. నేను మూడు మూతలు పాడుచేశాక నేర్చుకున్నది చెబుతాను. మొదట టేబుల్ టెన్నిస్ బంతిని సగానికి కోసి ఫొటోడయోడ్ మీద బోర్లించాను. మొదటి నెల అద్భుతంగా ఉంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు అది పసుపు పచ్చగా మారింది, రీడింగ్ రోజురోజుకూ తగ్గుతూ వచ్చింది. ఎండ తగ్గుతోందనుకున్నాను, తగ్గింది బంతి తెలుపు. రెండోసారి వేడి జిగురుతో అంటించిన పారదర్శకమైన ప్లాస్టిక్ మూత. ఎండకు జిగురు మెత్తబడి మూత పక్కకు వాలింది. మూడోది అద్దమే, కానీ లోపల గాలిలో తేమ ఉండిపోయింది. తెల్లవారుజామున లోపలి వైపు సన్నని నీటిబొట్లు పట్టేవి. ఎనిమిదిన్నర దాకా గీత కుంగి ఉండేది, బొట్లు ఆరగానే ఒక్కసారిగా పైకి లేచేది. ఆ మెట్టు చూసే కారణం పట్టుకున్నాను.

ఇప్పుడు ఉన్నది పలుచటి టెఫ్లాన్ రేకు, చుట్టూ రబ్బరు వలయం, లోపల తేమ పీల్చే గుళికల సంచి. టెఫ్లాన్ పసుపెక్కదు, వెలుతురును అన్ని వైపులా సమంగా చెదరగొడుతుంది. ఏ మూత పెట్టినా కొంత వెలుతురు పోతుంది కాబట్టి మూత వేశాకే కొలత సరిచూసుకోవాలి, ముందు కాదు.

టంకంచెయ్యి
మూత మాట వచ్చింది కాబట్టి కోణం సంగతి కూడా. సూర్యుడు నిట్టనిలువు నుంచి 60 డిగ్రీలు వాలితే పలక మీద పడే శక్తి సగమవుతుంది. సెన్సర్ కూడా సరిగ్గా సగమే చూపాలి. లోతైన గొట్టంలో దించిన సెన్సర్ పావు కూడా చూపదు, ఎందుకంటే అంచు నీడ దాని మీదే పడుతుంది. సెన్సర్ ముఖం పెట్టె పైభాగంతో సమానంగా గానీ, కొద్దిగా పైకి గానీ ఉండాలి. చివరిబెంచీకి బీపీడబ్ల్యూ34 అనే ఫొటోడయోడ్ చెబుతాను. నిండు ఎండలో రెండు నుంచి మూడు మిల్లీ ఆంపియర్లు ఇస్తుంది, 33 ఓమ్‌ల రెసిస్టర్ చాలు.

ఎండపొడ
వారం తర్వాత వస్తున్నాను. పైన అద్దం అతికించిన ఒకే సెల్ దొరికింది. 0.5 ఓమ్ రెసిస్టర్, ఏడీఎస్1115. ప్యానెల్ చట్రం అంచుకు అదే వాలులో బిగించాను. మొదటిసారి రోజంతా నున్నని కొండలాంటి గీత వచ్చింది. 54612 చూసి చూసి విసిగిన కళ్లకు అది చూస్తుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఒక అనుమానం. నిన్న అక్కడక్కడా తెల్ల మబ్బులున్న రోజు. పదకొండున్నరకు ఉన్నట్టుండి 1180 వాట్లు వచ్చింది, రెండు నిమిషాలు ఉండి 400కు పడిపోయింది. 1000 దాటకూడదు కదా? తీగ వదులైందేమోనని పైకెక్కి చూశాను, గట్టిగానే ఉంది.

నీలినింగి
తీగ వదులు కాలేదు, మీరు మంచి దృశ్యాన్ని పట్టుకున్నారు. సూర్యుడి మీదికి మబ్బు రాకముందు, దాని తెల్లటి అంచు పక్కనే ఉన్నప్పుడు, సూర్యుడి ఎండ నేరుగా అందుతూనే ఉంటుంది, మబ్బు అంచు చెదరగొట్టిన వెలుతురు దానికి తోడవుతుంది. రెండూ కలిసి నిర్మలాకాశపు విలువను దాటేస్తాయి. 1300 దాటిన కొలతలు కూడా ఉన్నాయి. ఆ వెంటనే మబ్బు సూర్యుణ్ని కప్పింది, మీ గీత 400కు పడింది. అందుకే సెన్సర్ పరిధిని 1000 దగ్గర ఆపకూడదు, 1500 దాకా చోటుండాలి. మీ 80 మిల్లీవోల్టుల లెక్కలో ఆ చోటు ధారాళంగా ఉంది.

చివరిబెంచీ
ఎంతసేపటికోసారి చదవాలి? మేము పది నిమిషాలకోసారి చదువుతున్నాం.

గాలిమర
అలా చదివితే ఎండపొడ గారి 1180 నీకు కనబడనే కనబడదు, లేదా అదొక్కటే కనబడి పది నిమిషాలూ అంతే ఎండ ఉందని అనుకుంటావు. సెకనుకోసారి చదువు, నిమిషానికి సగటు తీసి అది దాచు. నిమిషంలో కనిష్ఠం, గరిష్ఠం కూడా దాస్తే ఇంకా మంచిది.

తూనికరాళ్లు
ఎండపొడ గారూ, మీ 1000 నిజంగా 1000 అని ఎలా తెలుసు? సెల్ కాగితం మీది అంకెను నమ్మారా?

పైరనోమీటర్ వాళ్లను నేను ఊరికే మెచ్చుకోను. ఆ కొలతల గొలుసు పట్టుకుని వెనక్కి వెళ్తే స్విట్జర్లాండ్‌లోని డావోస్‌లో ఉన్న ప్రపంచ వికిరణ కేంద్రం దగ్గరికి చేరతాం. ఐదేళ్లకోసారి దేశదేశాల ప్రామాణిక పరికరాలను అక్కడికి తెచ్చి, ఒకే సూర్యుడి కింద పక్కపక్కన నిలబెట్టి పోలుస్తారు. మీరు డావోస్ దాకా వెళ్లనక్కర్లేదు. సరిచూసిన పైరనోమీటర్ ఉన్నవారెవరినైనా రెండు రోజులకు అడగండి. అదే వాలులో పక్కన పెట్టి, నిర్మలమైన రోజున పోల్చండి. అది కుదరకపోతే నిర్మలాకాశ సూత్రాలతో లెక్కగట్టవచ్చు, కానీ గాలిలో దుమ్మూ తేమా ఎంతున్నాయో ఆ సూత్రానికి సరిగ్గా తెలియదు.

ఎండపొడ
కాగితం అంకెనే నమ్మాను. వాతావరణ పరికరాలతో పనిచేసే మిత్రుడు ఒకరున్నారు, అడుగుతాను.

ఎండపొడ
మిత్రుడు పైరనోమీటర్ ఇచ్చారు. రెండు నిర్మలమైన రోజులు పక్కపక్కన పెట్టాను. నేను వాట్‌కు పది మెట్లు అనుకున్నాను, నిజానికి 9.7. సూర్యుడు పైకి వచ్చాక రెండింటికీ తేడా రెండు శాతం లోపే. ఎండ మరీ ఏటవాలుగా పడే వేళ మాత్రం నా సెల్ ఏడు శాతం దాకా తక్కువ చూపింది. అద్దం మీద వెలుతురు జారిపోవడం వల్లే అనుకుంటున్నాను. ఆ వేళ కరెంటూ తక్కువే కాబట్టి వదిలేశాను.

అసలు సంగతి ఇప్పుడు. సెన్సర్ 820 వాట్లు చూపినప్పుడు ప్యానెళ్ల నుంచి 1.87 కిలోవాట్లు వచ్చింది. ప్యానెళ్లు కడిగించాను. మళ్లీ 820 దగ్గర చూస్తే 2.08. పది శాతం దుమ్ము పాలే! ఎండ తగ్గిందన్న మాట ఇక నాకు చెప్పలేరు.

వోల్టుమీటరు77
ఆగండి. కడిగిన వెంటనే కొలిచారా? తడిసి చల్లబడిన ప్యానెల్ ఎక్కువే ఇస్తుంది. వేడికి డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం తగ్గే సరుకు అది. 58 డిగ్రీల నుంచి 33కు దిగిందంటే మీ పది శాతం మొత్తం నీటి చలువే కావచ్చు.

ఎండపొడ
మీరు అడుగుతారని తెలుసు. మర్నాడు అదే వేళకు కొలిచాను. ప్యానెల్ వెనుక వేడి కొలిచే డీఎస్18బీ20 సెన్సర్ అంటించి ఉంది. కడగక ముందు 58 డిగ్రీలు, తర్వాత 57. లెక్క కూడా కట్టాను. 3 కిలోవాట్లకు 820 వాట్ల ఎండలో 2.46 రావాలి. 25 కన్నా 32 డిగ్రీలు ఎక్కువ వేడికి పన్నెండు శాతం పోతే 2.16. తీగల్లో, ఇన్వర్టర్‌లో నాలుగు శాతం తీసేస్తే 2.07. వచ్చింది 2.08. ప్యానెళ్లకు ఏమీ కాలేదు.

వోల్టుమీటరు77
అయితే నాకు మాటల్లేవు. చాలా శుభ్రమైన పని చేశారు.

గాలిమర
ఒక్క ప్రశ్న మిగిలింది. సెన్సర్ సెల్‌ను రోజూ తుడుస్తున్నారా? దాని మీదా ప్యానెల్ మీదా ఒకేలా దుమ్ము పేరుకుంటే రెండూ కలిసి తగ్గుతాయి, మీకు దుమ్ము జాడే తెలియదు.

ఎండపొడ
ఉదయం పూట మెత్తటి గుడ్డతో తుడుస్తున్నాను. తుడవకపోతే ఎలా ఉంటుందో మాత్రం చూడలేదు.

గాలిమర
చూడండి మరి. అలాంటిదే ఇంకో సెల్ పక్కన బిగించండి, దాన్ని ముట్టుకోకండి. రెండింటి నిష్పత్తే మీ దుమ్ము కొలత. అది ఐదు శాతం దాటిన రోజున కడిగించుకోండి, నెలకోసారి అని గుడ్డిగా కాకుండా.

ఎండపొడ
ఈ రోజు ఉదయమే రెండో సెల్ బిగించాను. మొదట రెండూ తుడిచి చూస్తే తేడా 0.3 శాతం, దాన్ని సున్నాగా పెట్టుకున్నాను. రెండో దాని పక్కన 'తుడవకండి' అని రాసిన అట్టముక్క కట్టాను, ఎందుకంటే ఇంట్లోవాళ్లకు ఇప్పటికే రోజూ తుడవడం అలవాటైపోయింది. సాయంత్రం నాలుగింటికి చూస్తే తుడవని సెల్ 0.4 శాతం కిందికి దిగింది. వారానికోసారి ఇక్కడే అంకెలు రాస్తాను.